దుమ్ముబిళ్ళ

ఆ రోజులకి కట్టడాల దగ్గర రాళ్ళు కోసే ప్రతి కూలీ మెడలోనూ దుమ్ముబిళ్ళ ఉండి తీరాలి. చుట్టూ గాలిలోని దుమ్మును పట్టి, పీల్చింది హద్దు దాటితే అది ఎర్రబడుతుంది. ఎర్రబడ్డవాళ్ళకు ఇక ఏ మేస్త్రీ పని ఇవ్వడు. అందుకే పైడితల్లి, తోటి ఆడవాళ్ళందరిలాగే, బిళ్ళను ఇంట్లో గుమ్మం పక్క మేకుకు తగిలించి పనికి పోయేది. శనివారం తనిఖీకి మాత్రం మెడలో వేసుకునేది.

ఈ శనివారం పొద్దున్న చూస్తే బిళ్ళ నిప్పుకణికలా ఉంది.

"ఓలమ్మీ, దీన్నేటి సేసినావే?" అని కూతురు రోహిణిని నిలదీసింది.

"నానేటి సేసినాను? మేకు మీంచి తియ్యనే నేదు," అంటూ ఆ పిల్ల రోజూలాగే తల్లి పనిచీరను గుమ్మంలో దులిపింది. తెల్లటి పొడి ఎండలో లేచి ఇంట్లోకే వచ్చింది. రోహిణి దగ్గింది. నెలరోజులుగా ఆ దగ్గును పైడితల్లి పడిశమనే అనుకుంటోంది.

ఆమె గబుక్కున చీర లాక్కుంది.

"పద, ఆస్పత్రికెల్దుము."

"మరి తనికీ?"

"ఎల్తాను. ఈ దుమ్ము నాను పీల్చింది కాదు, నా పిల్ల పీల్చిందని సెప్పేస్తాను."

రోహిణి తల్లి ముఖంలోకి చూసింది.

"మరి నువ్వెంత పీల్చినావమ్మా?"

పైడితల్లి చీరను ఉండచుట్టి, దూరంగా వీధిలో పెట్టి వచ్చింది.