సేఠ్ పడవ

"స్విచ్చి నొక్కు."

"నొక్కిన బావా."

"ఏమన్న చప్పుడైతుందా?"

"కాకి చప్పుడు తప్ప ఏం లేదు."

రాజలింగం పడవలో బోర్లా పడుకొని, పలకల సందులో చెవి పెట్టి విన్నాడు. అడుగున చేరిన నీళ్లను తోడి బయటికి చిమ్మాల్సిన చిన్న పంపు ఉలకలేదు, పలకలేదు. నీళ్లు మాత్రం పలకల కింద నిండా చేరి హాయిగా ఊగుతున్నాయి. బామ్మర్ది సదానందం ఒక చేత్తో స్విచ్చి నొక్కుతూ, రెండో చేత్తో మగ్గు పట్టుకొని తోడిపోస్తున్నాడు.

రాజలింగం సూరత్‌లోని గోడాదరాలో మరమగ్గాల మాస్టరు. ఎంత మొండి లూమునైనా తట్టి లేపుతాడని పేరు. మొన్న పెద్ద ఆర్డరొకటి టైముకు దింపాడని కార్ఖానా యజమాని సేఠ్ మురిసిపోయి, "ఆదివారం నా పడవ తీసుకో. తాపీ నది ఒడ్డున కట్టేసి ఉంటుంది, తెల్లది, నీలం చార. సాయంత్రం నడిపే మనిషిని పంపుతా, ఇంటివాళ్లను తిప్పి తీసుకురా" అన్నాడు. అంతే, ఆ మాట గల్లీ గల్లీ తిరిగింది. తిప్పింది రాజలింగం భార్య వెంకటవ్వే. నల్లా దగ్గర చెప్పింది, కిరాణా కొట్లో చెప్పింది, ఏడాదిగా మాటల్లేని ఎదురింటామెతో రాజీపడి మరీ చెప్పింది. సూరత్ వచ్చిన ఇన్నేళ్లలో ఆమె తాపీ నదిని బస్సు కిటికీలోంచి తప్ప చూసిన పాపాన పోలేదు. ఈరోజు పడవ కదలకపోతే రాజలింగం మళ్లీ ఆ గల్లీలో తలెత్తుకొని తిరగలేడు. ఇంట్లో అయితే తల దాచుకోనూ లేడు.

అందుకే పొద్దున్నే ఒకసారి చూసి పోదామని వచ్చాడు. ఒడ్డున వరుసగా కట్టేసిన పడవల్లో తెల్లది, నీలం చారది మొదట కనబడిందే ఎక్కేశాడు. వచ్చి చూస్తే ఇదీ సంగతి.

"సేఠ్‌కు ఒక్క ఫోన్ కొడుదాం బావా," అన్నాడు సదానందం.

"నీకేమన్న పిచ్చి లేశిందా? నీ మిషిను ఖరాబున్నదని సేఠ్‌కు చెప్పినోడు బాగుపడ్డడా ఎన్నడన్న? నువ్వు చెయ్యి పెట్టకముందు మంచిగనే ఉండె అంటడు. సప్పుడు చెయ్యకుంట బాగుచేసి, ఏం ఎరగనట్టు కూసోవాలె. నేను గింత కాలం గట్లనే నెట్టుకొచ్చిన."

అని, లూములకు చేసే మొదటి వైద్యమే దీనికీ చేశాడు. పానాతో నెత్తిన ఒక్కటిచ్చాడు. పంపు లొంగలేదు. దాంతో కోపమొచ్చి మరలన్నీ ఊడదీశాడు.

అప్పుడే ఒడ్డున స్కూటరు ఆగింది. తెల్ల కుర్తా వేసుకున్న ఒక పెద్దాయన గబగబా దిగి వచ్చాడు.

"ఏయ్ భాయీ, ఎవరు మీరు?" అన్నాడు గుజరాతీ కలిసిన హిందీలో.

"మెకానిక్‌లం కాకా. సేఠ్ పడవ. పంపు నడుస్తలేదు, బాగుచేస్తున్నం."

కాకా ఇంకేదో అనబోయి, విప్పి పెట్టిన పంపు వంక చూశాడు. వీళ్ల వంక చూశాడు. వెళ్లి రాతి మెట్టు మీద కూర్చున్నాడు.

"చేయండి, చేయండి," అన్నాడు నెమ్మదిగా.

పనీపాటా లేని ముసలాయన కాబోలు అనుకున్నాడు రాజలింగం. బ్యాటరీ తీగలకు పట్టిన చిలుము గీకాడు. ఫలితం లేదు. ఫ్యూజు తీసి వెలుతురుకు పెట్టి చూస్తే, లోపలి తీగ తెగిపోయి ఉంది.

"కొత్త ఫ్యూజు యాడ దొరుకుతది ఆదివారం పూట?" అంటూ తల పట్టుకున్నాడు.

"ఆ వెనక సీటు కింద డబ్బాలో చూడండి," అన్నాడు కాకా.

చూస్తే ఉంది. అన్ని పడవల్లోనూ అక్కడే పెడతారేమో అనుకొని రాజలింగం తెగ సంతోషపడ్డాడు. ఫ్యూజు వేస్తే పంపు గుయ్యిమంది గానీ చుక్క నీరు చిమ్మలేదు. కిందికి చెయ్యి దూర్చి తడిమితే, జాలీకి చుట్టుకొని ప్లాస్టిక్ కవరూ, కుళ్లిన బంతిపూలూ వచ్చాయి. ఈలోగా కాకా అందరికీ చాయ్ తెప్పించాడు, ఆవిరి మీద ఉడికించిన శనగపిండి లోచో పొట్లాలు కూడా వేడివేడిగా పెట్టించాడు.

"ఎంత మంచోడు బావా! ఏమీ కానోళ్లకు ఎవడు పెడతడు గిట్ల?" అన్నాడు సదానందం మూతి తుడుచుకుంటూ.

పంపు బిగించి మళ్లీ స్విచ్చి నొక్కారు. గొట్టంలోంచి నీళ్లు బుస్సున నదిలోకి చిమ్మాయి. బావా బామ్మర్దులు కౌగలించుకున్నారు. కాకా అయితే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

సాయంత్రానికి వెంకటవ్వ పట్టుచీర కట్టుకొని, ఎదురింటామెను సాక్ష్యానికి వెంటబెట్టుకొని వచ్చింది. పడవ ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. పడవెక్కి నడిమధ్య కూర్చుంది. ఆ మొహంలో వెలుగు చూస్తే రాజలింగానికి కళ్లు చెమర్చాయి. ఈ సంబరం కోసం ఇంకో పది పంపులైనా విప్పొచ్చు అనిపించింది.

ఇక నడిపే మనిషి రావడమే తరువాయి.

అంతలో కాకా మెట్టు మీద నుంచి లేచి, చెప్పులు విడిచి పడవెక్కాడు. నేరుగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

రాజలింగానికి చిర్రెత్తింది. చాయ్ పోసినంత మాత్రాన ఇంత చనువా? సేఠ్ మనిషి వచ్చి చూస్తే ఏమనుకుంటాడు?

"కాకా, జర దిగు. అడుగకుంట పరాయోళ్ల పడవ ఎక్కుడు మంచిగుంటదా చెప్పు?"

కాకా కుర్తా జేబులోంచి తాళంచెవి తీసి ఇంజనుకు పెట్టి తిప్పాడు. ఇంజను గుర్రుమంది.

"నేనూ మిమ్మల్ని పొద్దుటి నుంచి అదే అడుగుదామనుకుంటున్నా, బేటా."