నీలన్న దిగే చోటు

మూడంతస్తుల మేడ మిట్టమధ్యాహ్నం కూలింది. పావుగంటలో వీధి నిండా జనం. ఒక్కరూ శిథిలాల వైపు చూడటం లేదు. అందరి తలలూ ఆకాశం వైపే.

"నీలన్న వచ్చేస్తాడు," అన్నాడు దర్జీ, మెడలో టేపుతోనే. "పోయిన వారం మంటల్లోకి దూకాడు కదా, అంగీ ఎడమ భుజం దగ్గర అరచేయంత కాలిపోయింది. ఈసారి దిగితే అడిగి మరీ అతుకు వేస్తాను."

నీలన్న ఎగరడం మొదలుపెట్టిన ఈ నాలుగేళ్లలో జనానికో అలవాటు పట్టుకుంది. ప్రమాదం జరిగితే చాలు, చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. ఆయన దిగడానికి చోటన్నమాట. ఫైరింజను ఆ గుండ్రం బయటే ఆగిపోయింది.

ఫైరింజను అంటే ఇప్పుడు ముగ్గురు మనుషులు, రెండు గునపాలు. మిగతావాళ్లను ఇక మీతో పనేముందని ఎప్పుడో ఇంటికి పంపేశారు. ముగ్గురిలో పెద్దాయన విజిల్ ఊది, నేలకు చెవి ఆనించాడు.

టక్. టక్. టక్.

"లోపల మనిషి బతికే ఉన్నాడు!"

"మా అబ్బాయి," అందొకావిడ. పెరట్లో కుళాయి దగ్గర ఉండబట్టి తను బతికింది. ఉతికిన బట్టల బకెట్ ఇంకా చేతిలోనే ఉంది. "మూడు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది బాబూ. లేచి నిలబడలేడు. ఇవాళ ఎక్కడికీ వెళ్లొద్దని నేనే పడుకోబెట్టాను."

జనం వైపు తిరిగింది.

"తలో చెయ్యి వెయ్యండి నాయనా! మీకు దండం పెడతాను."

"కంగారుపడకు పిన్నీ. నీలన్న వేలితో ఎత్తేస్తాడు. మనం వెళ్తే ఆయనకు అడ్డం," అన్నాడు దర్జీ.

"రాడయ్యా! నా మాట నమ్మండి. నేను తల్లిని!"

"తల్లివి గనకే ఇంత భయం."

ముగ్గురే తవ్వారు. గోళ్లు చీలిపోయాయి. రెండింటికి చప్పుడు రెండు టక్కులైంది. తర్వాత ఒకటి. మూడింటికి పెద్దాయన చెవి ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆయనకు ఏడుపొచ్చింది. గుండ్రం మాత్రం చెదరలేదు.

చివరి పెళ్ల తీస్తే, దుప్పట్లో ముడుచుకున్న కుర్రాడు.

"ఈసారి నీలన్నకు ఆలస్యమైంది పాపం," నిట్టూర్చాడు దర్జీ.

తల్లి అప్పటిదాకా వదలని బకెట్‌లోంచి తడి నీలం అంగీ తీసి, గట్టిగా పిండి, ఎడమ భుజం దగ్గర తను వేసిన అరచేయంత అతుకు సరిచేస్తూ కొడుకు మీద కప్పింది.