బుచ్చవ్వ ఏరికోరిన డాక్టరు

“చెప్పులు ఇటియ్యి సురేశ్, ఇంటికి పోదాం,” అంటూ బుచ్చవ్వ ఆస్పత్రి మంచం మీది నుంచి కాళ్లు కిందికి జార్చింది.

కొడుకు ఆ చెప్పుల్ని మంచం కిందికి ఇంకాస్త లోపలికి తన్నాడు. వలసొచ్చి బతుకుతున్న గోడాదరాలో పన్నెండు గంటలు మరమగ్గాల సాంచాలు నడిపి నేరుగా ఇక్కడికే వచ్చాడు పాపం, వాదించే ఓపిక లేదు.

“ఏందే అవ్వా, మళ్లేమైంది?”

“ఏమైందా? అగో, గా పోరి వచ్చి రేపు నీ ఆపరేషన్ అంటుంది. దాని మొఖం జూడు. సంచి తగిలిస్తే ఆరో క్లాసుల కూసుంటది. నేర్చుకునే పిల్లల చేతికి నా కడుపు ఇయ్య. చెప్తున్న!”

ఆ పోరి, అంటే డాక్టర్ అక్షర, మంచం పక్కనే నిలబడి అంతా వింటోంది. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసే ఆంధ్రాయన కూతురు. తెలుగు బాగానే వచ్చు కనుక ఒక్క ముక్క కూడా పొల్లుపోలేదు.

బుచ్చవ్వ భయం ఊరికే వచ్చింది కాదు. బొడ్డు దగ్గర నిమ్మకాయంత హెర్నియా ఉబ్బు మూడేళ్లలో మామిడికాయంత అయింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పనే అయినా మూటలు ఎత్తేదీ దించేదీ ఆవిడే. పోయిన నెల ఆ ఉబ్బు లోపలికి పోనని మొరాయించి ఒక పూటంతా వాంతులు చేయించింది. ఇంకోసారి అలా ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పన్నారు. కోయించుకోకపోతే చావు, కొత్త చేతికి దొరికితే అంతకన్నా ముందే చావు అని ఆవిడ తేల్చేసుకుంది.

సరిగ్గా అప్పుడే వచ్చాడు డాక్టర్ పరుశురాం. నెత్తి నిండా తెల్లజుట్టు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు.

“ఏమాయె అవ్వా? బువ్వ తిన్నవా?”

ఆ మాట చెవిన పడగానే బుచ్చవ్వ కాళ్లు వాటంతటవే మంచం మీదికి వచ్చేశాయి. “మీదేవూరు సారూ?”

“జగిత్యాల దిక్కు. పల్లెల్ల ఇరవై రెండేండ్లు వైద్యం చేసిన. ఈడికొచ్చి ఏడాదైతుంది.”

“మా దిక్కోడే! ఇగో సురేశ్, నాకు ఈ సారే చెయ్యాలె. లేదంటే చెప్పులియ్యి.”

పరుశురాం ఉలిక్కిపడ్డాడు. “అట్ల గాదు అవ్వా. మేడమ్‌కు నాకన్నా బాగ తెలుసు.”

“చూసినవా? పెద్దోళ్లు గిట్లనే తగ్గి మాట్లాడుతరు. చిన్నపిల్లను గూడ మేడమ్ అంటుండు,” అని బుచ్చవ్వ మురిసిపోయింది.

అక్షర ముందుకొచ్చింది. “అవ్వా, ఒక్క మాట వినండి. సార్ ఇంకా...”

“నువ్వాగు బిడ్డా. నీకూ దినాలొస్తయి.”

అక్షర పరుశురాం వైపు తిరిగింది. “చేస్తారా సార్?” అనడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, అప్పుడు తలూపాడు.

“సరే అవ్వా, సార్ చేస్తారు. నేను మొదట్నించి చివరిదాకా పక్కనే ఉంటాను. బరాబర్?”

“ఉండు. చూసి నేర్చుకో,” అని అనుమతిచ్చింది బుచ్చవ్వ.

మర్నాడు నడుముకు సూదిమందిచ్చి, ఛాతీకి అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. కింది సగం ఎవరిదో అన్నట్టుంది. చెవులు మాత్రం ఎప్పటిలాగే పనిలో ఉన్నాయి.

“ఇప్పుడేం చేస్తారు సార్?” అక్షర గొంతు.

“ఉబ్బు సంచిని చుట్టూ విడదీస్త.”

“విడదీసేముందు ఏం చూడాలి?”

“పేగు అతుక్కున్నదేమో చూడాలె.”

“అతుక్కుందా?”

“లేదు.”

“అయితే పేగును లోపలికి పంపండి. ధీరే ధీరే. ఉబ్బు మళ్లీ రాకుండా వేసే జాలీ ఎంత సైజు తీసుకుంటారు? అంతే ఎందుకు?”

బుచ్చవ్వకు చిర్రెత్తుకొచ్చింది. అనుభవమున్న మనిషి కడుపు తెరిచి పని చేస్తుంటే పక్కనుండి ఈ సోదేమిటి!

“ఓ పోరీ! సారును పని చెయ్యనియ్యవా? ఊకె గదేంది, గిదేంది అని సతాయిస్తవు. కుట్లు పడ్డంక అడుగు నీ సవాళ్లు!”

మత్తు డాక్టరు కిసుక్కుమని నవ్వి, దాన్ని దగ్గు కింద మార్చుకున్నాడు.

“సారీ అవ్వా,” అంది అక్షర బుద్ధిగా.

అంతలోనే బుచ్చవ్వకు జాలేసింది. “పోనియ్యి, చెప్పు సారూ. పిల్ల నేర్చుకోవాలె గదా.”

గుడ్డ మీదుగా చూస్తే నర్సు ఆయన నుదుటి చెమట తుడుస్తోంది. తన కోసం ఎంత కష్టపడుతున్నాడో అని ఆవిడ మనసు కరిగిపోయింది.

మూడో రోజుకు బుచ్చవ్వ లేచి వార్డంతా తిరిగేసింది. ఆగిన ప్రతి మంచం దగ్గరా ఒకటే పాట. కోయించుకుంటే తెల్లజుట్టు చేతనే కోయించుకోవాలె, చిన్నపిల్లలను దగ్గరికి రానియ్యొద్దు! పిత్తాశయంలో రాళ్లతో పక్క మంచంలో ఉన్న గంగవ్వ కూడా నాకూ ఆ సారే కావాలని పట్టుబట్టి కూర్చుంది.

ఇంటికి పంపేముందు అక్షర వచ్చి కుట్లు చూసింది. “ఏక్‌దమ్ సరస్,” అని పరుశురాంను మెచ్చుకుంది.

“అంత మంచి పని దగ్గరుండి చూసినవు. నీ అదృష్టం బిడ్డా,” అంది బుచ్చవ్వ.

“అవునవ్వా,” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది అక్షర.

మందుల చీటీ రాసిస్తున్న పరుశురాం చేయి పట్టుకుంది బుచ్చవ్వ. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా పానం నిలబెట్టినవు సారూ. గిసోంటి కడుపులు ఇప్పటిదాంక ఎన్ని కోసినవు? వెయ్యా? రెండు వేలా?”

గంగవ్వ కూడా మోచేతి మీద లేచి చెవి ఇటే పెట్టింది. పరుశురాం కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు బొత్తిగా చేతకాదు.

“ఆపరేషన్లు నేర్చుకునుడుకే ఈడికొచ్చిన. నీదే మొదటిది అవ్వా.”