212వ పేజీ, ఆరో లైను

ఉదయం తొమ్మిదింపావుకు మెకానిక్ షెడ్డులో ఒక పెద్దాయన, ముక్కూ మొహం తెలియని ట్యాక్సీ డ్రైవరు చేతిలోంచి ఆమె కారు పుస్తకం లాక్కున్నాడు.

అంతకు పావుగంట ముందే కారు జాకీల మీదికి ఎక్కింది. కింద బోల్టు విప్పేశారు. పాత ఆయిల్ ట్రేలోకి కారుతోంది.

ఆమెను అందరూ డ్రైవరమ్మ అంటారు. తొమ్మిదేళ్లు పరాయివాళ్ల కార్లు నడిపింది. ఇది సొంత కారు. కొని ఏడాది అయింది.

"ఏది పొయ్యమంటావు చెల్లెమ్మా? సింథటిక్కా, మామూలుదా?" మేస్త్రీ అడగడం అది రెండోసారి.

"మామూలుదే పొయ్యన్నా. మా బావ పాత బండికి పద్నాలుగేళ్లు అదే పోశాడు. చిక్కగా ఉంటేనే బలమంటాడు. ఈ సింథటిక్ చూడు, నీళ్లల్లే ఉంది."

"మీ బావ చెప్పింది ఆయిల్ గురించా, పాల గురించా?"

"రెండిట్లోనూ ఆయన పండితుడేలే."

"నవ్వులాట కాదు. రేపు ఇంజిన్‌కి ఏమన్నా అయితే, వారంటీ లేదు పొమ్మంటారు కంపెనీవాళ్లు. పుస్తకంలో ఏముందో చూడు."

డ్రైవరమ్మకు ఆ మాట గుచ్చుకుంది. బండి మూలన పడితే మళ్లీ పరాయి కారు తాళాలే. డ్యాష్‌బోర్డు అరలోంచి పుస్తకం తీసింది. 212వ పేజీ దొరికింది. పైకి చదివింది.

"ఈ ఇంజిన్‌కు సింథటిక్ ఆయిల్ వాడవలెను. మామూలు ఆయిల్ కూడ."

"అంటే రెండూ పనికొస్తాయి."

"అచ్చులోనే ఉందిగా అన్నా."

"ఇంకేం మరి." మేస్త్రీ కింద బోల్టు బిగించి, మామూలు ఆయిల్ డబ్బా మూత తిప్పాడు.

అప్పుడు లేచాడు బెంచీ మీది పెద్దాయన.

"ఆగవయ్యా, పొయ్యకు!"

పుస్తకం లాక్కున్నాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"ఓ తాతగారూ! నా పుస్తకం మీద మీ రాతలేంటి?"

"ఒక్క అక్షరమమ్మా."

ఆరో లైను చివర, 'కూడ' పక్కన చిన్న గుర్తు పెట్టి, దాని మీద 'దు' అని రాశాడు. అంచున 387 అని అంకె వేశాడు. చివరి పేజీ తిప్పి అక్కడా ఏదో రాశాడు.

"ఇప్పుడు చదువు."

"మామూలు ఆయిల్ కూడ... దు." డ్రైవరమ్మ తలెత్తింది. "మీరు రాస్తే కంపెనీ రాసినట్టా?"

మేస్త్రీ నవ్వాడు. "ఈయనకి కారు లేదు చెల్లెమ్మా. సైకిలు కూడా లేదు. నెలల తరబడి వస్తున్నాడు. ఈ రకం బండి ఏదన్నా వచ్చిందా అని అడుగుతాడు, కూర్చుంటాడు, పోతాడు."

"అర్థమైంది. సింథటిక్ డబ్బాకి ఎంతిస్తారు తాతగారూ కమీషన్?"

పెద్దాయన పెన్నుకు మూత పెట్టాడు.

"అట్ట వెనక ఫోన్ నెంబరుంది. వాళ్లనే అడుగు తల్లీ."

అడిగింది. పదకొండు నిమిషాలు సంగీతం వినిపించారు. తర్వాత ఒకమ్మాయి పలికింది.

"మామూలు ఆయిల్ అస్సలు పొయ్యకండి మేడమ్. వారంటీ పోతుంది. అది చిన్న ఇంజిన్, వేడెక్కువ. పొద్దున స్టార్ట్ చెయ్యగానే ఆయిల్ పైదాకా అందాలి. చిక్కటిదైతే అంత తొందరగా అందదు."

"మరి పుస్తకంలో అలా ఉందేంటి?"

"మొదటి విడత పుస్తకాల్లో ఒక అక్షరం పడలేదు మేడమ్. సారీ."

ఫోన్ స్పీకర్లోనే ఉంది. మేస్త్రీ డబ్బా మూత బిగించాడు. పక్కనున్న సింథటిక్ డబ్బా అందుకున్నాడు.

డ్రైవరమ్మ బెంచీ వైపు తిరిగింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఎటు పోయాడన్నా?"

"పక్క వీధి షెడ్డుకి. అక్కణ్ణుంచి ఇంకో షెడ్డుకి. ఆయన దినచర్యే అంత."

పదిన్నరకు ఆమె ఒక ప్రయాణికుణ్ణి స్టేషన్‌కు చేర్చాలి. వెళ్లిపోయింది.

ఆరు నెలల తర్వాత, పదివేల కిలోమీటర్లు తిరిగి, కారు మళ్లీ అదే షెడ్డుకు వచ్చింది.

మేస్త్రీ బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. "స్టార్ట్ చెయ్."

"చేసే ఉంది."

"ఓహో! మా ఆవిడ కుట్టు మిషన్ ఇంతకంటే మోత చేస్తుంది చెల్లెమ్మా. ఏం పొయ్యమంటావు?"

"అడగాలా? మా బావకి చెప్పకు, ఆయన కొత్త బండికీ ఇదే పోయించా."

ఆమె చేతిలో బిస్కెట్ల ప్యాకెట్టు ఉంది. బెంచీ వైపు చూసింది.

"తాతగారు రాలేదా?"

"రెండు నెలలైంది మానేసి. ఆఖరి రోజు అందరికీ టీలు ఇప్పించాడు. ఇంక రానయ్యా, నా పని అయిపోయింది అన్నాడు. ఏం పని అంటే నవ్వాడు."

"పేరేంటో?"

"ఎవరడిగారు? ఎర్రపెన్ను తాత అనేవాళ్లం."

"ఇల్లెక్కడ?"

"అదీ అడగలేదు."

మేస్త్రీ చేతులు జిడ్డుగా ఉన్నాయి. సర్వీసు తేదీ నువ్వే వేసుకో అన్నాడు. డ్రైవరమ్మ పుస్తకం చివరి పేజీలు తిప్పింది. తేదీ వేసింది. ఇంకో పేజీ తిరిగింది.

చిన్న అక్షరాలతో 'మొదటి ముద్రణ: 400 ప్రతులు' అని ఉంది.

దాని కింద 'అచ్చుతప్పులు దిద్దినవారు' అని, పక్కన ఒక పేరు ఉంది.

ఆ పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసి, 'దు' రాసిన చేతిరాతతోనే, 'తప్పు నాది' అని రాసి ఉంది.