ఒక్క మక్కగింజ

ఆ పొద్దున జనగామ మీద మబ్బు దట్టంగా కమ్మింది. ఇవాళ కురవక మానదనుకుని అందరూ గొడుగులు పట్టుకొచ్చారు. పదింటికల్లా మబ్బు ఒక్క చినుకైనా రాల్చకుండా వరంగల్ దిక్కు సాగిపోయింది.

నక్షాలు గీసే ఆ ఆఫీసులో ఉన్నది ఐదుగురే. అరుంధతి దాన్ని పెట్టిన మనిషి. హర్షిత్, సాహితి ఆర్కిటెక్టులు. పూజ కంప్యూటర్ మీద గీస్తుంది. యాకయ్య మేస్త్రి, కట్టే చోట నిలబడి పని చూస్తాడు. అక్కడ పెద్దా చిన్నా లేదు. ఏ నక్షా బయటికి పోవాలన్నా ఐదుగురూ మట్టి ముంతలో తలా ఒక గింజ వేయాల్సిందే. సరేనంటే చింతగింజ, వద్దంటే మొక్కజొన్నది, మక్కగింజ. ఒక్క మక్కగింజ పడిందా, ఆ మాట అక్కడితో సరి.

ఆ రోజు బల్ల మీద పెద్దవంగరలో కట్టబోయే అంగడివి రెండు నక్షాలున్నాయి. ఏది పంపితే అదే కడతామని కమిటీవాళ్లు చెప్పారు. చిన్నది ఆరు నెలల పని. ఆ తర్వాత ఈ ఐదుగురిలో ఇద్దరో ముగ్గురో వేరే దారి చూసుకోవాలి. పెద్దది మూడేళ్ల పని, ఎవరూ కదలక్కర్లేదు. కాకపోతే దానికోసం ఆ ఊళ్లో అంగడి వెనక గల్లీలో పదకొండు ఇళ్లు కూలగొట్టాలి.

అందులో ఏడోది యాకయ్యది. పద్దెనిమిదేళ్ల కింద, భార్య సాలమ్మ ఇటుకలు అందిస్తుంటే తన చేత్తో కట్టుకున్నది.

"ఊరవతల జాగ ఇస్తరట వాళ్లకు," అన్నాడు హర్షిత్, ఎవరి మొహమూ చూడకుండా.

"జాగ ఇస్తరు. గోడలిస్తరా?" అంది పూజ.

"అయితె చిన్నదే పంపుదాం తియ్. ఆరు నెల్లకు నువ్వూ నేనూ హైదరాబాద్ బస్సెక్కుదాం."

ఇంట్లో పూజకు మంచం దిగలేని తల్లి ఉంది.

యాకయ్య పెద్ద నక్షా మీదికి వంగాడు. తన ఇల్లున్న చోట బండ్లు నిలిపే జాగ గీసి ఉంది. దాన్ని వేలితో ఒకసారి తడిమాడు.

"గిక్కడ నీళ్లు నిలుస్తయి. వాలు జర అటు పెట్టున్రి," అన్నాడు. అంతే.

"నువ్వేమన్న చెప్పేదుంటె చెప్పు యాకన్నా," అంది అరుంధతి.

"గింజ చెప్తది గద మేడం."

ఆమె లోపలి గదిలో ముంత పెట్టి వచ్చింది. పెద్ద నక్షా పంపుదామా వద్దా అన్నదే ప్రశ్న. ప్రతిసారీ చెప్పేదే మళ్లీ చెప్పింది. "సొంత లాభం చూసుకొని ఎవరూ గింజ వెయ్యొద్దు." నాలుగేళ్లుగా వినీ వినీ ఆ మాట ఎవరి చెవికీ ఎక్కడం లేదు.

"పోయినసారి నా మక్కగింజను ఎలుక ఎత్తుకపోయింది మేడం. దానిక్కూడ ఓటియ్యాలె," అంది పూజ. నవ్వబోయి ఆగిపోయారు.

తలా రెండు రకాల గింజలూ పట్టుకుని ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వచ్చారు. నాలుగో మనిషిగా సాహితి వెళ్లింది. అరచేతిలో రెండు గింజలు, ఒకటి నల్లది, ఒకటి పచ్చది. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఇంటిపట్టునే కూర్చోవాలి. అత్తగారికి కావలసిందీ అదే. అయినా యాకన్న వద్దనే వేస్తాడు. ఇల్లు పోతుంటే ఎవరైనా వేస్తారు. ఆ ఒక్క గింజ చాలు.

పిడికిలి ముంతలో పెట్టి తీసింది. తర్వాత యాకయ్య వెళ్లాడు. వెళ్లినంత త్వరగానే వచ్చాడు.

అరుంధతి ముంతను బల్ల మీద బోర్లించింది.

ఐదూ చింతగింజలే.

ఆమె ముంతను ఇంకోసారి తట్టింది. ఇంకేమీ రాలలేదు. సాహితి పిడికిట్లో మక్కగింజ చెమటకు తడిసింది. పూజ చెయ్యి కూడా మూసే ఉంది. అరుంధతిదీ.

హర్షితే ముందు ఊపిరి వదిలాడు. "నువ్వే ఒప్పుకున్నంక ఇగ మాదేమున్నదే యాకన్నా. పెద్ద మనసు నీది."

ఆ మాటతో అందరి భుజాలూ కాస్త దిగాయి. నిజమే, ఇల్లు పోయే మనిషే సరేనన్నాడు.

ఒంటిగంటకు రోజూలాగే చాప పరుచుకుని కూర్చున్నారు. సాలమ్మ అందరికీ సరిపోయేలా జొన్నరొట్టెలు, పెరట్లో కాసిన వంకాయల కూర పంపింది. యాకయ్య తలా ఒక రొట్టె వేశాడు. కూర పూజకు ఇంకొంచెం ఎక్కువ వేశాడు, ఆమెకు ఇష్టమని.

ఐదుగురూ తిన్నారు.

చివరి తునకతో గిన్నె తుడుస్తూ, తల ఎత్తకుండానే, యాకయ్య పక్కనున్న సాహితితో అన్నాడు.

"ఇల్లు నాది గద బిడ్డా, నేను వద్దంటె సొంత లాభం చూసుకున్నట్టయితదని చింతగింజ ఏసిన, మీ నలుగురిల ఒక్కలన్న మక్కగింజ ఏస్తరనుకొని."