కాపలాకి వచ్చిన అత్తగారు

“ఫిట్స్ ఉన్నదానివి, ఫిట్‌నెస్ నేర్పుతావా? తాను దూర సందు లేదు, మెడకో డోలు,” అంది అత్తగారు చెప్పులు తొడుక్కుంటూ.

“మీరెక్కడికి అత్తయ్యా?”

“నువ్వు పడితే ఎత్తడానికి. నా కొడుక్కి ఆఫీసుంది. నేను ఖాళీయేగా.”

కోడలు నవ్వి సంచీ భుజాన వేసుకుంది. రెండేళ్ళ క్రితం పోస్టాఫీసు కౌంటర్లో, జనం చూస్తుండగా పడిపోయాక ఆమె చాన్నాళ్ళు గడప దాటలేదు. డాక్టరు బలవంతం మీద వ్యాయామం మొదలుపెట్టింది. మందూ నిద్రా తప్పకుండా చూసుకుంటూ, ఏడాదిలో నిటారుగా నిలబడి మాట్లాడే మనిషయింది. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళిచ్చిన హాల్లో, తనలాంటి పదకొండు మందికి తనే నేర్పుతోంది.

అత్తగారు తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. వ్యాఖ్యానం ఉచితం.

“ముందు వరసలో ఆ టైలరుగారికి తన చేతులే బరువు. మళ్ళీ డంబెల్స్ ఎందుకో.”

తొమ్మిదవగానే బీపీ మాత్ర మింగి మళ్ళీ అందుకునేది. వారం తిరిగేసరికి, కాళ్ళు తిమ్మిరెక్కాయన్న వంకతో చివరి వరసలో తనూ చేతులూపడం మొదలెట్టింది.

ఒకరోజు టైలరు ఉన్నట్టుండి పడిపోయి గిలగిల కొట్టుకున్నాడు. కోడలు ఉన్నచోటే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తను పడడమే తప్ప, పడినవాళ్ళని చూడడం ఆమెకిదే మొదలు. ఎవరో ఆయన గుప్పిట్లో తాళాల గుత్తి కుక్కబోయారు.

“తాళాలెందుకు? ఆయనేమన్నా బీరువానా?” అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. శాలువా మడిచి తల కింద పెట్టింది. కాలర్ గుండీ విప్పింది. “ఆ డంబెల్స్ అవతలికి జరపండి. గట్టిగా పట్టుకోకండి, ఆయనెక్కడికీ పారిపోడు. అమ్మాయ్, టైము చూడు.”

రెండు నిమిషాలకి కుదుటపడ్డాడు. ఆవిడ ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. కాసేపటికి తేరుకుని, చుట్టూ మనుషుల్ని చూసి టైలరు సిగ్గుతో ముడుచుకుపోయాడు.

“ఇంత బిగుతు కాలర్ ఎవరు కుట్టారండీ?”

“నేనేనమ్మా.”

“అదీ సంగతి. నాకు జాకెట్లు కుడతానని మాత్రం రాకండి.”

టైలరు నవ్వాడు.

ఇంటికి వెళ్ళే దారిలో కోడలు అడిగింది. “ఇవన్నీ మీకెలా తెలుసత్తయ్యా?”

“నువ్వు రోజూ పాఠం చెబుతుంటే చెవుల్లో దూది పెట్టుకున్నానా? చెప్పేదానివి నువ్వు, చేసేదాన్ని నేను. ఖర్మ.”

మర్నాడు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఇకపై ఫారం నింపిన రోగులే హాల్లో ఉండాలి, తోడొచ్చినవాళ్ళు బయటే. కోడలు ఆ మాట నసుగుతూ చెప్పింది.

“అంటే నన్ను గెంటేశారన్నమాట. ఆ ఫారం ఒకటి ఇలా పడెయ్.”

“అది జబ్బున్నవాళ్ళకత్తయ్యా. కోపంలో ఏదో రాసిస్తే బావుండదు.”

“నాకూ చదువొచ్చులే.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. కొడుకు గది తలుపు మూసి ఉందో లేదో ఓసారి చూసింది. గబగబా గళ్ళన్నీ నింపి ఫారం కోడలి ముందుకు తోసింది. ‘వాడే మందు’ అన్నచోట రాసిన పేరు బీపీ మాత్రది కాదు. ‘మూర్ఛ మొదట ఎప్పుడు వచ్చింది?’ అన్నచోట రెండే మాటలున్నాయి.

పదహారో ఏట.