ఫ్లెక్సీలో నాగదుర్గ

"ఫోన్ అటు తిప్పకే!" అని భార్యని గదమాయించాడు బుజ్జిబాబు.

వీడియో కాల్‌లో వాళ్ళ కూతురు నాగదుర్గ. నిన్న విదేశంలో ఆడవాళ్ళ నడక పోటీ ఫైనల్లో గెలిచిన కాంస్య పతకం ఇంకా మెడలోనే ఉంది.

"ఫ్లెక్సీ కట్టారంట కదా! చూపించమ్మా."

తల్లి నూకరత్నం మురిసిపోతూ ఫోన్ అటు తిప్పేసింది. కాకినాడ హార్బరు దగ్గర, వాళ్ళ వీధి మొదట్లో, ఫ్లెక్సీ మీద నాగదుర్గ పరిగెడుతోంది.

"ఇదేంటి నాన్నా? నేను పంపిన ఫొటో ఏది?"

"అందులో నడుం ఊపుకుంటూ నడుస్తున్నావమ్మా. నలుగురూ తిరిగే వీధిలో ఏం బాగుంటాది? షాపతనే ఎవరో పరిగెత్తే పిల్లకి నీ మొహం అతికించాడు."

"అతికించమంది నువ్వే కదా," అంది నూకరత్నం.

"పరిగెడితే నన్ను పోటీలోంచి తీసేసేవారు నాన్నా. ఒక పాదమైనా నేల మీదే ఉండాలి."

"ఇక్కడ అదంతా ఎవరికి తెలుస్తాదమ్మా?"

నాగదుర్గ ఫోన్ కిందికి దించి తన పాదాలు చూపించింది. బొబ్బలు చితికిపోయాయి. బొటనవేళ్ళ గోళ్ళు ఊడిపోయాయి.

"మరి ఆ కాళ్ళెవరివి నాన్నా?"

బుజ్జిబాబు వెళ్ళి ఫ్లెక్సీలోని ఆ కాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.